ఇంటి సిస్టమ్‌లో షార్ట్‌కట్ వైరస్: తిరుపతి కేసు ఒకటి, మొదటి నుంచి చివరి దాకా

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇల్లు. ఇంటిల్లిపాదికీ డెస్క్‌టాప్ ఒకటే. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది, విండోస్ కూడా అమ్మినవాళ్లే వేసి ఇచ్చారు. డిగ్రీ చదివే అమ్మాయి రికార్డులు, ప్రాజెక్టు పని దీంట్లోనే చేసుకుంటుంది. వాళ్ల నాన్న ఇంటి కాగితాల స్కాన్‌లు, కరెంటు బిల్లులు, పెళ్లి ఫొటోలు దీంట్లోనే దాచుకుంటారు. ఇద్దరికీ వేరువేరు యూజర్ అకౌంట్లు ఉన్నాయి. ఈ చివరి సంగతే కేసును ఒక రోజు వెనక్కి లాగింది.

అమ్మాయి ఫోన్‌లో చెప్పింది ఇదీ: "పెన్‌డ్రైవ్ పెడితే అన్నీ షార్ట్‌కట్లే ఉండాయినా. ప్రాజెక్టు పోయినట్టేనా?" దానికి ఇవ్వాల్సిన జవాబు కూడా ఒకటే: "పోలేదమ్మా, లోపలే ఉంటాయి. దేన్నీ నొక్కొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు, ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టొద్దు." ఈ మూడు మాటలు ముందే చెప్పకపోతే, బాగుచేసే మనిషి ఇంటికి చేరేలోపు ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టేసి ఉంటారు. అప్పుడు నిజంగానే ప్రాజెక్టు పోతుంది.

మూడు ఫిర్యాదులు, మూడు వేరు కారణాలు

ఇంట్లోవాళ్లు "వైరస్" అన్న ఒక్క మాటతో మూడు సంగతులు చెప్పారు. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు షార్ట్‌కట్లుగా మారడం ఒకటి. సిస్టమ్ తెరుచుకోవడానికి ఐదారు నిమిషాలు పట్టడం రెండోది. తెర కింద కుడి మూలన "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, ఇప్పుడే తీసేయండి" అని ఎర్ర పెట్టె లేస్తూ ఉండడం మూడోది.

మొదటిది మాత్రమే అసలు వైరస్. ఇంకా కచ్చితంగా అంటే వార్మ్, తనంతట తాను ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి పాకే రకం. రెండోది పాత హార్డ్ డిస్క్, తక్కువ ర్యామ్ కలిసి చేసే పని. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ వరుస 100 శాతం దగ్గర నిలబడి ఉంది. వార్మ్ తీసేశాక కూడా ఆ అంకె పెద్దగా తగ్గలేదు. మూడోది బ్రౌజర్ నోటిఫికేషన్. ఏదో సైటు "అలౌ నొక్కితేనే డౌన్‌లోడ్ అవుతుంది" అంటే ఎవరో నొక్కారు, అప్పటి నుంచి ఆ సైటు పంపే ప్రకటనలు ఇలా లేస్తున్నాయి. క్రోమ్‌లో సెట్టింగ్స్ → ప్రైవసీ అండ్ సెక్యూరిటీ → సైట్ సెట్టింగ్స్ → నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి, "అనుమతి ఉన్నవి" వరుసలో తెలియని పేర్లన్నీ తీసేస్తే రెండు నిమిషాల్లో ఆగిపోయింది. ఆ ఎర్ర పెట్టెని నిజమని నమ్మి దాంట్లో చూపించే "క్లీనర్" వేసుకోవడమే అసలు ప్రమాదం. ఈ ఇంట్లో అదృష్టవశాత్తూ ఎవరూ వేయలేదు.

ఈ మూడింటినీ మొదట విడదీసుకోకపోతే, వైరస్ పోయిన తర్వాత కూడా "ఇంకా స్లోగానే ఉంది, పోలేదేమో" అన్న అనుమానం మిగిలిపోతుంది. అది ఇంట్లోవాళ్ల తప్పు కాదు. వాళ్లకి అర్థమయ్యేలా ముందే చెప్పడం పని చేసేవాడి బాధ్యత.

షార్ట్‌కట్ లోపల ఏముంది

పెన్‌డ్రైవ్ యూనివర్సిటీ దగ్గరి ఒక జెరాక్స్ షాపుకి ప్రింటవుట్ల కోసం వెళ్లి వచ్చింది. రోజంతా వందల పెన్‌డ్రైవ్‌లు గుచ్చే సిస్టమ్ కాబట్టి అలాంటి చోట ఒక్కటి అంటుకుంటే అన్నిటికీ అంటుకుంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే ప్రోగ్రామ్ నడిచే ఆటోరన్ పద్ధతిని మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో తీసేసింది, 2011 అప్‌డేట్‌తో పాత విండోస్‌లకీ ఆపేసింది. అందుకే ఈ వార్మ్‌లు మనిషి చేత్తోనే నొక్కించుకుంటాయి.

ఒక షార్ట్‌కట్‌ను దగ్గరగా చూద్దాం. పేరు "ప్రాజెక్ట్ ఫైనల్", బొమ్మ మామూలు పసుపుపచ్చ ఫోల్డర్‌దే. కింది మూలన చిన్న బాణం గుర్తు తప్ప తేడా లేదు. పక్కనున్న పీడీఎఫ్ షార్ట్‌కట్‌కి పీడీఎఫ్ బొమ్మే ఉంది. ఏ రకం ఫైలుకి ఏ బొమ్మ ఉండాలో వార్మ్ రిజిస్ట్రీని (విండోస్ తన సెట్టింగ్‌లు రాసుకునే చిట్టా) అడిగి తెచ్చుకుని మరీ పెడుతుంది. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే (డబుల్ క్లిక్ మాత్రం ఎప్పుడూ వద్దు) టార్గెట్ అనే గడిలో ఫోల్డర్ దారి ఉండాల్సిన చోట సిఎండి (విండోస్‌లో ఆజ్ఞలు నడిపే నల్ల కిటికీ) అని మొదలయ్యే పొడవాటి వరుస ఉంటుంది. దాని అర్థం: ముందు ఫలానా వీబీఎస్ స్క్రిప్ట్ (ఆజ్ఞలు వరుసగా రాసిన చిన్న ఫైల్) నడుపు, ఆ వెంటనే ఎక్స్‌ప్లోరర్‌లో అసలు ఫోల్డర్ తెరువు, తర్వాత మూసుకో. కిందనే "రన్" అనే గడిలో మినిమైజ్‌డ్ అని ఉంటుంది. నల్ల కిటికీ కంటికి కనబడకుండా కిందికి దిగిపోవడానికి అది. నొక్కినవాళ్లకి ఫోల్డర్ మామూలుగానే తెరుచుకుంటుంది, అనుమానం రాదు. ఈలోపు స్క్రిప్ట్ సిస్టమ్‌లోకి దిగిపోయి ఉంటుంది.

అసలు ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. వాటికి "హిడెన్", "సిస్టమ్" అనే రెండు గుర్తులు వేసి కనబడకుండా చేసింది, అంతే. ఇదే జాతిలో ఇంకో రకం ఫైళ్లన్నిటినీ పేరు లేనట్టు కనిపించే ఒక ఫోల్డర్‌లోకి తోస్తుంది. ఆ పేరులో ఉండేది కంటికి కనబడని ఖాళీ అక్షరం.

తర్వాత విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ దీన్ని జెంక్స్‌కస్ అని గుర్తించింది. హెచ్-వార్మ్, హౌదిని అన్న పేర్లతో 2013 నుంచి తెలిసిన కుటుంబమే ఇది. 2014 జూన్‌లో మైక్రోసాఫ్ట్ కోర్టుకు వెళ్లి దీని డొమైన్‌లను పట్టుకుంది. అయినా ఇది మామూలు టెక్స్ట్‌లో రాసిన స్క్రిప్ట్ కాబట్టి ఎవరైనా సర్వర్ పేరు మార్చుకుని మళ్లీ వదలొచ్చు. ఇది పాకడంతో ఆగదు. బయటి సర్వర్‌తో మాట్లాడుతూ, అది చెప్పిన ఫైల్ దించుతుంది, చెప్పిన ఆజ్ఞ నడుపుతుంది. షార్ట్‌కట్లు చిరాకు మాత్రమే, నష్టం ఈ మాటామంతీలో ఉంది.

ముట్టుకునే ముందు

మొదటి పని వైఫై ఆపడం. ల్యాన్ కేబుల్ ఉంటే పీకేయాలి. రెండోది, ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు అన్నీ ఒక డబ్బాలో వేయించడం. నాలుగు వచ్చాయి, ఐదోది వాళ్ల నాన్న బండి తాళాల గుత్తికి వేలాడుతోంది. అడిగి అడిగి తీయించాలి, ఒక్కటి మిగిలినా మళ్లీ మొదటికొస్తుంది.

మూడోది హార్డ్ డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ నీలం రంగులో "గుడ్" చూపిస్తే ముందుకు పోవచ్చు. పసుపులో "కాషన్" చూపిస్తే, అంటే పాడైన సెక్టార్లు లెక్కకి వస్తుంటే, గంటల తరబడి స్కాన్ పెట్టడం ఆ డిస్క్‌ని చంపడమే. అప్పుడు డేటా తీయడం ముందు, వైరస్ సంగతి తర్వాత. ఇక్కడ నీలమే వచ్చింది.

పరికరాలు తీసుకెళ్లే పెన్‌డ్రైవ్‌కి కూడా వార్మ్ అంటుకుంటుంది కాబట్టి మామూలు పెన్‌డ్రైవ్ వాడకూడదు. పక్కన చిన్న లాక్ మీట ఉండే ఎస్‌డీ కార్డు, యూఎస్‌బీ రీడర్‌తో మేలు. చాలా రీడర్లు ఆ మీటను గౌరవించి దాని మీద రాయనివ్వవు. అన్నీ కాదు కాబట్టి శుభ్రమైన సిస్టమ్‌లో మీట వేసి, ఒక ఫైల్ కాపీ చేయబోయి "రైట్ ప్రొటెక్టెడ్" అని వస్తుందో లేదో చూసుకోవాలి.

డేటా కాపీని సేఫ్ మోడ్‌లోనే (తప్పనిసరివి మాత్రమే నడుపుతూ విండోస్ తెరుచుకునే పద్ధతి) తీయాలి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ → ట్రబుల్‌షూట్ → అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ → స్టార్టప్ సెట్టింగ్స్ → రీస్టార్ట్, ఆ తర్వాత 4 నొక్కాలి. సిస్టమ్ తెరవగానే ప్రోగ్రామ్‌లను లేపే రన్ ఎంట్రీలు, స్టార్టప్ ఫోల్డర్ సేఫ్ మోడ్‌లో పని చేయవు కాబట్టి వార్మ్ నిద్రలోనే ఉంటుంది. ఇక్కడ చాలామంది ఇరుక్కునేది ఒక చిన్న విషయంలో: రోజూ నాలుగంకెల పిన్‌తో తెరిచేవాళ్లకి సేఫ్ మోడ్‌లో పిన్ పని చేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ అడుగుతుంది. అది ముందే కనుక్కుని పెట్టుకోవాలి. కాపీలో ఫొటోలు, డాక్యుమెంట్లు, స్కాన్‌లు చాలు. ప్రోగ్రామ్ ఫైళ్లు, వీబీఎస్‌లు, షార్ట్‌కట్లు తీసుకోకూడదు.

ఎవరు లేపుతున్నారు

మామూలు మోడ్‌లోకి తిరిగి వచ్చి, నెట్ లేకుండానే, అమ్మాయి అకౌంట్‌లో టాస్క్ మేనేజర్ → డీటెయిల్స్. వరుసల పేర్ల మీద రైట్ క్లిక్ చేసి "కమాండ్ లైన్" గడిని చేర్చుకోవాలి. ఇది లేకపోతే డబ్ల్యూస్క్రిప్ట్ అన్న పేరు ఒక్కటే కనిపిస్తుంది, అది వీబీఎస్‌లను నడిపే మైక్రోసాఫ్ట్ వారి సొంత ప్రోగ్రామ్. తప్పు దానిది కాదు, అది నడుపుతున్న స్క్రిప్ట్‌ది. గడి చేర్చాక పూర్తి వరుస బయటపడింది: డబ్ల్యూస్క్రిప్ట్, రెండు వాలు గీతల పక్కన పెద్ద బి అక్షరం, ఆపైన యూజర్ ఫోల్డర్ → యాప్‌డేటా → రోమింగ్‌లో ఒక వీబీఎస్ ఫైల్. ఆ బి అక్షరానికి అర్థం "ఏ తప్పు జరిగినా తెరమీద పెట్టె చూపించకు" అని. ఇంటి సిస్టమ్‌లో ఆ గుర్తు కనబడితే గట్టిగా అనుమానించాల్సిందే.

ఇప్పుడు అందరూ చేసే పొరపాటును కావాలనే ఒకసారి చేసి ఇంట్లోవాళ్లకి చూపించడం మంచిది, ఎందుకంటే వాళ్ల బంధువుల అబ్బాయి అంతకుముందు రెండుసార్లు ఇలాగే "తీసేశాడు". ఆ వీబీఎస్ ఫైల్‌ని డిలీట్ కొడితే "వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది" అని ఒప్పుకోలేదు. నడుస్తున్న స్క్రిప్ట్ తన ఫైల్‌ని తానే పట్టుకుని కూర్చుంటుంది. సరే అని రిజిస్ట్రీ ఎడిటర్‌లో కరెంట్ యూజర్ → సాఫ్ట్‌వేర్ → మైక్రోసాఫ్ట్ → విండోస్ → కరెంట్‌వెర్షన్ → రన్ తెరిచి దాని ఎంట్రీని తీసేశాం. ఎఫ్5 నొక్కితే లేదు. కొన్ని సెకన్లు ఆగి మళ్లీ నొక్కితే అదే పేరుతో అక్కడే కూర్చుంది. వార్మ్ ఒక చుట్టులో తిరుగుతూ ప్రతిసారీ తన ఎంట్రీలను తిరిగి రాసుకుంటుంది, కొత్త డ్రైవ్ వచ్చిందేమో చూసుకుంటుంది.

కాబట్టి వరుస ముఖ్యం. ముందు నడుస్తున్నదాన్ని ఆపాలి, తర్వాత దాన్ని లేపే ఎంట్రీలు తీయాలి, ఆ తర్వాతే ఫైల్. టాస్క్ మేనేజర్‌లో డబ్ల్యూస్క్రిప్ట్‌లన్నిటికీ ఎండ్ టాస్క్. వెంటనే రన్ ఎంట్రీ. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి షెల్ కోలన్ స్టార్టప్ అని కొడితే తెరుచుకునే స్టార్టప్ ఫోల్డర్‌లో రెండో కాపీ ఉంది, అదీ తీసేయాలి. లోకల్ మెషీన్ కింద ఉండే రన్ కీ కూడా చూడాలి. యూఏసీ (సిస్టమ్‌లో మార్పులకి ముందు అనుమతి అడిగే పెట్టె) ఆపేసిన సిస్టమ్‌లలో వార్మ్ అక్కడా రాసుకుంటుంది. ఇక్కడ యూఏసీ ఉంది కాబట్టి అది శుభ్రంగానే ఉంది. చివరగా రోమింగ్‌లోని ఫైల్, టెంప్ ఫోల్డర్‌లో ఉంటే ఆ కాపీ.

కంటితో చూసినవాటికి తోడు సిస్‌ఇంటర్నల్స్ వారి ఆటోరన్స్ అనే ప్రోగ్రామ్ నడపాలి, సిస్టమ్‌తో పాటు లేచేవాటిని చూపించేది అది. టాస్క్ షెడ్యూలర్, సర్వీసులు, బ్రౌజర్ జతలు, అన్నీ ఒకే తెరమీద చూపిస్తుంది. దాంట్లో "మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచు" అన్న టిక్‌ను మొదటి చూపులో తీసేసి ఉంచడమే మంచిది. పట్టిక పొడవవుతుంది నిజమే, కానీ దొంగ ఇక్కడ మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూస్క్రిప్ట్ భుజం మీద ఎక్కి తిరుగుతున్నాడు.

ఆఖరి పని విండోస్ స్క్రిప్ట్ హోస్ట్‌నే, అంటే వీబీఎస్‌లను నడిపే ఏర్పాటునే, ఆపేయడం. లోకల్ మెషీన్ → సాఫ్ట్‌వేర్ → మైక్రోసాఫ్ట్ → విండోస్ స్క్రిప్ట్ హోస్ట్ → సెట్టింగ్స్‌లో "ఎనేబుల్డ్" పేరుతో డీవర్డ్ (అంకె రకం) విలువ చేర్చి 0 పెట్టాలి. ఖాళీ వీబీఎస్ ఫైల్ ఒకటి తయారు చేసి నొక్కితే "స్క్రిప్ట్ హోస్ట్ ఆపివేయబడింది" అన్న అర్థంతో పెట్టె రావాలి. మామూలు ఇంటికి వీబీఎస్‌తో పని లేదు. విండోస్, ఆఫీస్ యాక్టివేషన్ స్క్రిప్ట్‌లు మాత్రం దీన్ని వాడతాయి, అవసరం పడితే 1 చేసుకుని మళ్లీ 0 చేయొచ్చు.

రెండో రోజు తిరిగొచ్చింది

మొదటి విడత పని ఇక్కడ తప్పింది. అమ్మాయి అకౌంట్ శుభ్రమైంది, రీస్టార్ట్‌లో ఏమీ లేవలేదు. స్క్రిప్ట్ హోస్ట్ ఆపే పని మాత్రం "స్కాన్ అయ్యాక చేద్దాం" అని మరుసటి రోజుకి వాయిదా పడింది. ఆ సాయంత్రం వాళ్ల నాన్న తన అకౌంట్‌లోకి వెళ్లి, తాళాల గుత్తి పెన్‌డ్రైవ్‌ను డబ్బాలోంచి తీసి పెట్టారు. అరనిమిషంలో ఫోల్డర్లన్నీ మళ్లీ బాణాలు.

కారణం సూటిగానే ఉంది. కరెంట్ యూజర్ కింద ఉండే రన్ కీ, యాప్‌డేటా ఫోల్డర్, స్టార్టప్ ఫోల్డర్, ఈ మూడూ ఒక్కో యూజర్‌కి ఒక్కోటి. అమ్మాయి అకౌంట్‌లో నిలబడి చూస్తే వాళ్ల నాన్న రన్ కీ కనిపించదు. ఆయన వారం కిందటే అదే పెన్‌డ్రైవ్‌లో అదే షార్ట్‌కట్‌ను తన అకౌంట్‌లో నొక్కి ఉన్నారు. ఆ రోజు ఆయన సైన్ అవుట్ అయి ఉండడంతో ఆయన వైపు డబ్ల్యూస్క్రిప్ట్ టాస్క్ మేనేజర్‌లో లేదు. బంధువుల అబ్బాయి రెండుసార్లు తీసినా తిరిగి రావడానికీ ఇదే కారణం.

రెండో విడతలో సేఫ్ మోడ్‌లోంచి వాళ్ల నాన్న అకౌంట్‌లోకి వెళ్లాం. అక్కడ వార్మ్ లేవదు కాబట్టి ఎండ్ టాస్క్ అవసరమే లేదు, రన్ ఎంట్రీ, స్టార్టప్ కాపీ, రోమింగ్ ఫైల్ ఏ గొడవా లేకుండా పోయాయి. ఆ తర్వాత అమ్మాయి అకౌంట్ మళ్లీ ఒకసారి చూసుకుని, స్క్రిప్ట్ హోస్ట్ అప్పుడే ఆపి, మామూలు మోడ్‌లోకి వచ్చాం. ఎన్ని అకౌంట్లు ఉన్నాయో సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ తెరిచి లెక్కపెట్టుకోవాలి. ఎవరూ వాడని పాత అకౌంట్ కూడా లెక్కలోదే.

డిఫెండర్ ఎందుకు ఊరుకుంది

పదేళ్ల కిందటి వార్మ్‌ని విండోస్ 10 డిఫెండర్ పట్టుకోకపోవడం వింతగా ఉండాలి. విండోస్ సెక్యూరిటీ → వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ → మేనేజ్ సెట్టింగ్స్‌లో కిందికి దిగి "ఎక్స్‌క్లూజన్స్" తెరిస్తే జవాబు దొరికింది: సి డ్రైవ్ మొత్తం మినహాయింపు జాబితాలో ఉంది. డిఫెండర్ సెట్టింగ్‌లను వేరే ప్రోగ్రామ్‌లు మార్చకుండా కాపాడే ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆపేసి ఉంది. సెకండ్‌హ్యాండ్ సిస్టమ్‌లో విండోస్‌ను క్రాక్‌తో యాక్టివేట్ చేసేటప్పుడు డిఫెండర్ అడ్డుపడకుండా చేసిన పని ఇది. క్రాక్‌ను నడిపి వెళ్లిపోయారు, తలుపు మాత్రం తెరిచే ఉంచారు. డిఫెండర్ పచ్చ టిక్ చూపిస్తూనే ఉంది. ఇంట్లోవాళ్లు దాన్ని నమ్మారు, నమ్మకేం చేస్తారు?

ఇలాంటి కేసుల్లో స్కాన్ పెట్టే ముందు ఈ జాబితా చూడకపోతే, స్కాన్ "ఏమీ లేదు" అంటుంది. అది నిజం కూడా, దాన్ని చూడొద్దన్న చోట అది చూడలేదు. మినహాయింపులన్నీ తీసేశాం. ఒకవేళ ఆ గడులు బూడిద రంగులో ఉండి మెదలకపోతే, రిజిస్ట్రీలో లోకల్ మెషీన్ → సాఫ్ట్‌వేర్ → పాలసీస్ → మైక్రోసాఫ్ట్ → విండోస్ డిఫెండర్ కింద ఎవరో విలువలు పెట్టి ఉంటారు, వాటిని తీయాలి. గడువు తీరిన వేరే యాంటీవైరస్ మిగిలి ఉన్నా డిఫెండర్ పక్కకి తప్పుకుని ఉంటుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయాలి.

ఇప్పుడు మాత్రమే నెట్ కలిపి డెఫినిషన్లు (వైరస్‌లను గుర్తుపట్టే జాబితా) అప్‌డేట్ చేశాం. క్విక్ స్కాన్, తర్వాత ఫుల్ స్కాన్. పాత హార్డ్ డిస్క్ కావడంతో నాలుగు గంటలు దాటింది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో క్రాక్ ఫైల్, ఒక మూల మిగిలిన వీబీఎస్ కాపీ దొరికాయి. ఆఖరున డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. ఇది విండోస్ లేవకముందే నడుస్తుంది, సుమారు పావుగంట పడుతుంది. తెరిచి ఉన్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోవాలి, స్కాన్ నొక్కాక సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

శుభ్రం చేయాలా, కొత్తగా విండోస్ వేయాలా అన్న నిర్ణయం ఇక్కడ తీసుకోవాలి. ఈ వార్మ్ ప్రోగ్రామ్ ఫైళ్లలోకి దూరదు కాబట్టి శుభ్రం చేస్తే సరిపోయింది. స్కాన్‌లో శాలిటీ, రామ్‌నిట్ లాంటి పేర్లు వచ్చి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలోచించకూడదు. ఆ వైరస్‌లు ప్రతి ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్) ఫైల్‌లోకీ దూరతాయి, వాటిని కడిగినా ప్రోగ్రామ్‌లు సగం చచ్చి మిగులుతాయి. అప్పుడు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో తయారు చేసిన ఇన్‌స్టాలర్ పెట్టి, పార్టిషన్లన్నీ తీసేసి కొత్తగా వేయడమే.

పెన్‌డ్రైవ్‌లు

రెండు అకౌంట్లూ శుభ్రమయ్యాకే డబ్బా తెరవాలి. ఒక్కొక్కటే పెట్టి, దాంట్లో దేన్నీ నొక్కకుండా, కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైళ్ల గుర్తులు మార్చే యాట్రిబ్ ఆజ్ఞ నడపాలి. పెన్‌డ్రైవ్ అక్షరం జి అనుకుంటే: యాట్రిబ్, స్పేస్, మైనస్ ఎస్, స్పేస్, మైనస్ హెచ్, స్పేస్, మైనస్ ఆర్, స్పేస్, జి కోలన్ బ్యాక్‌స్లాష్ స్టార్ డాట్ స్టార్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, స్లాష్ డి. డ్రైవ్ అక్షరం రెండుసార్లు చూసుకోవాలి. పొరపాటున సి అని కొడితే విండోస్ తాను దాచుకున్న ఫైళ్లన్నీ బయటపడి ఇంకో గందరగోళం.

చాలామంది "యాట్రిబ్ పని చేయలేదు" అంటారు. మైనస్ హెచ్ ఒక్కటే కొట్టడం దానికి కారణం. ఫైల్‌కి సిస్టమ్ గుర్తు ఉండగా హిడెన్ గుర్తు ఒక్కదాన్నే తీయడానికి విండోస్ ఒప్పుకోదు. రెండూ ఒకే ఆజ్ఞలో ఉండాలి. "సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్" ఫోల్డర్ దగ్గర "యాక్సెస్ డినైడ్" అని వస్తే పట్టించుకోనక్కర్లేదు.

ఆజ్ఞ నడిచాక ఒక్కో పేరుతో రెండేసి కనిపిస్తాయి, అసలు ఫోల్డర్ ఒకటి, బాణం ఉన్నది ఒకటి. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ ట్యాబ్‌లో "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" టిక్ పెట్టి, టైప్ వారీగా వరుసలో పెడితే షార్ట్‌కట్లన్నీ ఒక చోట చేరతాయి, వీబీఎస్ ఫైల్ దొరుకుతుంది. వాటిని మాత్రమే ఎంచి తీసేయాలి. ప్రాజెక్టు ఫైళ్లు ఒక్కటీ పోలేదు. పేరు లేని ఫోల్డర్ రకం అయితే దాన్ని తెరిచి లోపలివన్నీ బయటికి కట్ చేసి తెచ్చుకోవాలి.

ఫోన్ గురించి అడుగుతారు. ఈ వార్మ్ ఆండ్రాయిడ్‌లో నడవదు. కేబుల్‌తో కలిపిన ఫోన్‌కి డ్రైవ్ అక్షరం ఉండదు కాబట్టి దానికి పాకదు కూడా. మెమరీ కార్డును తీసి రీడర్‌లో పెడితే మాత్రం అది కూడా పెన్‌డ్రైవ్ కిందే లెక్క.

పాస్‌వర్డ్‌లు

బయటి సర్వర్ మాట వినే ప్రోగ్రామ్ వారం పాటు నడిచింది. ఏం పట్టుకుపోయిందో తేల్చడానికి ఇంటి సిస్టమ్‌లో ఆధారాలు మిగలవు, పోయాయనే అనుకుని నడుచుకోవాలి. జీమెయిల్‌తో మొదలుపెట్టి, క్రోమ్‌లో సేవ్ చేసినవన్నీ, నెట్ బ్యాంకింగ్, రైలు టికెట్ల అకౌంట్, కాలేజీ పోర్టల్ పాస్‌వర్డ్‌లు మార్చాలి. మార్చేది ఫోన్ నుంచి, లేదా సిస్టమ్ పూర్తిగా శుభ్రమైన తర్వాత. ముందే మార్చితే కొత్తది కూడా వాళ్ల చేతికిచ్చినట్టే. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ → మీ పరికరాలు తెరిచి తెలియనివాటిని సైన్ అవుట్ చేయాలి, పాస్‌వర్డ్ మార్చినా పాత లాగిన్ కొన్ని చోట్ల బతికే ఉంటుంది. బ్యాంకు డబ్బు కదిలిందని అనుమానం ఉంటే అదే నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ ఇంట్లో ఆ అవసరం రాలేదు.

పాత రీస్టోర్ పాయింట్లు తీసేసి కొత్తది పెట్టాం, వార్మ్ ఉన్న రోజుల్లోకి ఎవరైనా తెలియక వెనక్కి వెళ్లకుండా.

పరీక్ష

"పోయింది" అనడానికి స్కాన్ ఫలితం చాలదు. పనికిరాని 4 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఫార్మాట్ చేసి, దాంట్లో రెండు ఖాళీ ఫోల్డర్లు, ఒక ఫొటో, ఒక పీడీఎఫ్ వేశాం. ఒక్కో అకౌంట్‌లో లాగిన్ అయి ఆ పెన్‌డ్రైవ్‌ను పది నిమిషాలు అలాగే గుచ్చి ఉంచాం. వార్మ్ బతికుంటే కొన్ని సెకన్లలోనే బాణాలు రావాలి. తర్వాత రీస్టార్ట్, మళ్లీ అదే. మూడు విడతలు, రెండు అకౌంట్లు, ఆరుసార్లూ ఫోల్డర్లు ఫోల్డర్లుగానే ఉన్నాయి.

ఇద్దరి అకౌంట్లనూ అడ్మినిస్ట్రేటర్ నుంచి స్టాండర్డ్‌కి మార్చి, అడ్మిన్ అకౌంట్ వేరుగా పెట్టాం. ఈ వార్మ్ స్టాండర్డ్ అకౌంట్‌లో కూడా నడుస్తుంది, అది నిజమే. కానీ డిఫెండర్ జాబితాలో సి డ్రైవ్‌ను చేర్చే పని అక్కడి నుంచి జరగదు. జెరాక్స్ షాపుకి ఇకమీదట పెన్‌డ్రైవ్ కాకుండా పీడీఎఫ్‌ను ఫోన్ నుంచే పంపమని చెప్పాం. షాపువాళ్లు పెన్‌డ్రైవే అడిగితే, లాక్ మీట ఉన్న ఎస్‌డీ కార్డు ఒకటి రీడర్‌తో సహా అమ్మాయి బ్యాగులో ఉంది.

మిగిలిన పని రెండు రకాలు. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఈ ప్రాసెసర్ విండోస్ 11కి అర్హమైనది కాదు, ఉన్న విండోస్ అసలు లైసెన్స్‌ది కాదు. నెమ్మదితనానికి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ సరిపోతాయి. పాత డబ్బా మీద ఆ ఖర్చు పెట్టాలా, కొత్తది కొనాలా అన్నది వాళ్లు ఇంకా తేల్చుకోలేదు. అప్పటిదాకా బ్యాంకు పనులు ఫోన్‌లోనే. ఏడో రోజు వాళ్ల నాన్న పంపిన ఫొటోలో పరీక్ష పెన్‌డ్రైవ్ తెరిచి ఉంది: రెండు ఫోల్డర్లు, ఒక ఫొటో, ఒక పీడీఎఫ్. ఎక్కడా బాణం లేదు.